సాగులో మీథేన్: భారత్, చైనాల్లో ఎవరి వాటా ఎంత? గురజాల వరి మడికి ఆ లెక్కతో పనేంటి?

గురజాల: సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారంటే పల్నాడులో దమ్ము పనులు మొదలవుతాయి. నీళ్లు అందిన చోట వరి, మిగతా నల్లరేగడిలో మిర్చి, పత్తి. ఇంటి ముందు ఒకటో రెండో గేదెలు. గురజాల చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా ఇదే సీన్. అయితే ఇక్కడి వరి మడికి, ఈ గేదెలకు ప్రపంచ వాతావరణ సదస్సుల్లో ఒక పేరుంది. అక్కడ వీటిని 'మీథేన్ వనరులు' అంటారు.

వరి, పశువులు రెండూ భారీగా ఉన్న దేశాలు భారత్, చైనా. ప్రపంచంలో వరి ఎక్కువగా పండించేదీ ఈ రెండే. మరి సాగు నుంచి మీథేన్ ఎవరు ఎక్కువ వదులుతున్నారు? దాన్ని తగ్గించాలంటే రైతు ఏం చేయాలి? రైతు చేతిలో లేనిది ఏంటి? పూర్తి వివరాలు ఇవే.

ముఖ్యాంశాలు

* ప్రభుత్వ లెక్కల ప్రకారం సాగు నుంచి వచ్చే మీథేన్ భారత్‌లో ఏడాదికి సుమారు 1.44 కోట్ల టన్నులు (2016), చైనాలో సుమారు 2.22 కోట్ల టన్నులు (2014).
* పశువుల నుంచి వచ్చేది రెండు దేశాల్లో దాదాపు సమానం. తేడా అంతా వరి, ఎరువు దిబ్బల దగ్గరే.
* భారత్ మీథేన్‌లో నాలుగింట మూడొంతులు సాగుదే. చైనాలో బొగ్గు గనులున్న ఇంధన రంగానిది పెద్ద వాటా.
* మడిలో నీళ్లు ఎన్నిసార్లు ఆరబెట్టారన్న దాన్ని బట్టి మీథేన్ తొమ్మిది రెట్ల దాకా మారిపోతుంది.

అసలు మీథేన్ ఎలా పుడుతుంది?

మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడని చోట సేంద్రియ పదార్థం కుళ్లితే పుడుతుంది. సాగులో దీనికి మూడు ప్రధాన దారులున్నాయి.

మొదటిది నెమరు వేసే పశువుల కడుపు. గడ్డి, చొప్ప అరిగే క్రమంలో పొట్టలోని సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి. అది ఎక్కువగా తేన్పుల రూపంలో, నోటి నుంచే బయటకు వస్తుంది.

రెండోది నీళ్లు నిలిచిన వరి మడి. నీటి కింద మట్టికి గాలి అందదు. కలియదున్నిన మోళ్లు, పశువుల ఎరువు అక్కడ కుళ్లుతాయి. పుట్టిన గ్యాస్‌లో ఎక్కువ భాగం వరి మొక్క కాండంలోని గాలి గొట్టాల గుండానే పైకి పోతుంది.

మూడోది పేడ. పిడకలు చేసి ఎండబెడితే మీథేన్ చాలా తక్కువ. అదే నీళ్లతో కలిపి గుంటల్లో నిల్వ చేస్తే చాలా ఎక్కువ.

కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే మీథేన్ వందేళ్ల లెక్కన దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లకు పైగా వేడిని పెంచుతుంది. కానీ గాలిలో ఉండేది సుమారు 12 ఏళ్లే. అందుకే మీథేన్ తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుందని శాస్త్రవేత్తలు అంటారు. సాగు మీద అందరి చూపు పడటానికి కారణం ఇదే.

రెండు దేశాల లెక్క ఇదీ

భారత్ 2021లో ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలో 2016 లెక్కలున్నాయి. చైనా 2019లో ఇచ్చిన నివేదికలో 2014 లెక్కలున్నాయి. ఆ తర్వాత రెండు దేశాలూ కొత్త నివేదికలు ఇచ్చాయి. దగ్గర దగ్గర సంవత్సరాలు కావడంతో ఇక్కడ పోలికకు ఈ రెండింటినీ తీసుకున్నారు.

భారత్ (2016)
* మొత్తం మీథేన్: సుమారు 1.95 కోట్ల టన్నులు
* అందులో సాగు వాటా: 73.96 శాతం
* చెత్త, మురుగు నీళ్లు: 14.46 శాతం
* ఇంధన రంగం: 10.62 శాతం

చైనా (2014)
* మొత్తం మీథేన్: సుమారు 5.53 కోట్ల టన్నులు
* అందులో సాగు వాటా: దాదాపు 40 శాతం
* ఇంధన రంగం: దాదాపు 45 శాతం. ఇందులో బొగ్గు గనులదే సింహభాగం
* చెత్త, మురుగు నీళ్లు: దాదాపు 12 శాతం

ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది. శాతాలు మాత్రమే చూస్తే భారత్ రైతే పెద్ద దోషిలా కనిపిస్తాడు. టన్నులు చూస్తే సాగులో కూడా చైనాదే ఎక్కువ. జనాభా మీద పంచితే సాగు మీథేన్ భారత్‌లో తలకు ఏడాదికి సుమారు 11 కిలోలు, చైనాలో 16 కిలోలు. అన్ని రంగాలూ కలిపితే భారత్‌లో తలకు దాదాపు 15 కిలోలు, చైనాలో 40 కిలోలు. భారత్‌లో సాగు శాతం పెద్దగా కనిపించడానికి కారణం సాగు ఎక్కువ వదలడం కాదు, మిగతా రంగాల మీథేన్ తక్కువగా ఉండటం.

పశువులు: సంఖ్యలో తేడా, గ్యాస్‌లో సమానం

భారత్‌లో పశువుల కడుపు నుంచి వచ్చే మీథేన్ సుమారు 1.06 కోట్ల టన్నులు. చైనాలో సుమారు 98.6 లక్షల టన్నులు. రెండూ దాదాపు ఒకటే.

కానీ పశువుల సంఖ్యలో పోలికే లేదు. 2019 పశుగణన ప్రకారం భారత్‌లో ఆవులు, ఎద్దులు 19.3 కోట్లు, గేదెలు దాదాపు 11 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఆవుల కంటే గేదెలే ఎక్కువ. చైనాలో ఆవులు, గేదెలు కలిపినా 10 కోట్ల చుట్టూనే. అయితే అక్కడ గొర్రెలు, మేకలు 30 కోట్ల దాకా ఉన్నాయి, పెద్ద పశువులు తినే మేత కూడా ఎక్కువ. మన పశువులు సైజులో చిన్నవి, వాటికి దొరికే మేత కూడా తక్కువ. అందుకే తలకు వదిలే గ్యాస్ తక్కువ.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మేత నాసిగా ఉంటే పాలు తగ్గుతాయి. అప్పుడు లీటరు పాలకు పడే మీథేన్ పెరుగుతుంది. ఎండు వరిగడ్డి మీదే బతికే గేదె కంటే పచ్చిమేత, దాణా కలిపి తినే గేదె లీటరుకు తక్కువ గ్యాస్ వదులుతుంది. కాబట్టి పాడి రైతు ఆదాయం పెరిగే దారి, మీథేన్ తగ్గే దారి ఇక్కడ ఒక్కటే.

వరి: ఇక్కడే అసలు తేడా

భారత్‌లో వరి సాగయ్యేది సుమారు 4.4 కోట్ల హెక్టార్లలో. చైనాలో సుమారు 3 కోట్ల హెక్టార్లలో. విస్తీర్ణం మనదే ఎక్కువ. కానీ వరి మీథేన్ భారత్‌లో సుమారు 34 లక్షల టన్నులైతే, చైనాలో 89 లక్షల టన్నులు.

దిగుబడితో సరిచూసినా తేడా పోదు. చైనా హెక్టారుకు సుమారు 7 టన్నుల ధాన్యం తీస్తుంది. మన సగటు అందులో సగానికి కాస్త పైన. అయినా టన్ను ధాన్యానికి లెక్కేస్తే చైనాలో 43 కిలోల మీథేన్, భారత్‌లో సుమారు 20 కిలోలు.

ఎందుకిలా? కారణాలు ఇవీ.

ఒకటి, నీళ్లు. చైనాలో వరి దాదాపు మొత్తం సాగునీటి కిందే. భారత్‌లో వర్షం మీద ఆధారపడే వరి చాలా ఉంది. వాన ఆగితే మడి తనంతట తానే ఆరిపోతుంది. కొండ ప్రాంతాల మెట్ట వరిలో నీళ్లు నిలవనే నిలవవు.

రెండు, మట్టిలో వేసేది. చైనాలో గడ్డిని, పశువుల ఎరువును పొలంలో కలపడం ఎక్కువ. అది భూసారానికి మంచిదే. కానీ నీళ్ల కింద కుళ్లితే అదే మీథేన్ అవుతుంది. మన నేలల్లో సేంద్రియ కర్బనం తక్కువ.

మూడు, లెక్కించే తీరు. చైనా కంప్యూటర్ మోడల్ వాడుతుంది. భారత్ నీటి యాజమాన్యాన్ని బట్టి పొలాలను విడగొట్టి, దేశంలో కొలిచిన విలువలతో లెక్క వేస్తుంది. కాబట్టి రెండు అంకెల తేడాలో కొంత పద్ధతుల తేడా కూడా ఉంది.

ఇంకో విషయం. పంట మధ్యలో మడి ఆరబెట్టే అలవాటు చైనాలో 1980ల నుంచి విస్తరించింది. అది మీథేన్ కోసం మొదలుపెట్టింది కాదు. దిగుబడి కోసం, నీళ్లు ఆదా చేయడం కోసం చేశారు. మీథేన్ తగ్గిన సంగతి తర్వాత పరిశోధకులు గుర్తించారు.

పేడ, పందులు, భూ వినియోగం

ఎరువు నిల్వల నుంచి వచ్చే మీథేన్ చైనాలో ఏడాదికి 31 లక్షల టన్నులకు పైనే. దీనికి ప్రధాన కారణం పందుల పెంపకం. చైనాలో పందులు 40 కోట్లకు పైగా ఉన్నాయి. పంది నెమరు వేయదు కాబట్టి కడుపు నుంచి వచ్చే గ్యాస్ తక్కువ. కానీ పెద్ద ఫారాల్లో దాని వ్యర్థాలను నీళ్లతో కడిగి గుంటల్లో నిల్వ చేస్తారు. అక్కడ మీథేన్ పుడుతుంది. మన ఊళ్లలో పేడ పిడకలవుతుంది లేదా దిబ్బలో ఆరుతుంది. అందుకే ఈ పద్దు మన దగ్గర చాలా చిన్నది.

భూ వినియోగం కింద చైనా తన చిత్తడి నేలల నుంచి 17 లక్షల టన్నుల మీథేన్ చూపించింది. భారత్ విషయానికొస్తే అడవులు, భూములు వదిలేదాని కంటే పీల్చుకునేదే ఎక్కువ. 2020 లెక్క ప్రకారం ఇవి దాదాపు 52 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్నాయి.

మిర్చి సంగతేంటి అన్న ప్రశ్న పల్నాడులో సహజం. మిర్చి, పత్తి చేలల్లో నీళ్లు నిలవవు కాబట్టి మీథేన్ లేనట్టే. కానీ యూరియా లాంటి నత్రజని ఎరువులు ఎక్కువ వేస్తే నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా వేడిని పెంచే గ్యాస్.

ఒకప్పుడు భారత్ మీద వేసిన తప్పుడు లెక్క

వరి మీథేన్ లెక్క ఎంత పెద్ద గొడవకు దారి తీయగలదో 1990ల మొదట్లోనే తెలిసింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనాల్లో భారత్ వరి పొలాలకు ఏడాదికి దాదాపు 3.8 కోట్ల టన్నుల మీథేన్ అంటగట్టారు. యూరప్, అమెరికా పొలాల్లో కొలిచిన విలువలను మన పొలాలకు వర్తింపజేయడమే అందుకు కారణం.

అప్పుడు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్త ఎ.పి.మిత్ర నాయకత్వంలో దేశవ్యాప్తంగా కొలతలు మొదలయ్యాయి. 1991లో వరి పండే ప్రాంతాల్లో పొలాల మీద పెట్టెలు బోర్లించి గ్యాస్ పట్టి కొలిచారు. తేలింది సుమారు 40 లక్షల టన్నులు. అంటే మొదట చెప్పిన దాంట్లో దాదాపు తొమ్మిదో వంతు.

అదే 1991లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌కు చెందిన అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక ప్రశ్న లేవనెత్తారు. పేద రైతు తిండి కోసం పండించే వరి నుంచి వచ్చే గ్యాస్‌ను, సంపన్న దేశాల కార్ల పొగను ఒకే గాటన కట్టొచ్చా? బతుకు కోసం వెలువడేది వేరు, విలాసం కోసం వెలువడేది వేరు అన్నది వాళ్ల వాదన.

మరి ఇప్పటి ప్రభుత్వ లెక్కలు నమ్మొచ్చా? కొన్ని అంతర్జాతీయ డేటాబేస్‌లు భారత్ మీథేన్‌ను ఇంకా ఎక్కువగానే చూపిస్తున్నాయి. అయితే 2017లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం గాలి నమూనాలు, విమానం, ఉపగ్రహ కొలతలతో 2010-15 మధ్య భారత్ మీథేన్‌ను ఏడాదికి సుమారు 2.2 కోట్ల టన్నులుగా తేల్చింది. ఇది భారత్ ఇచ్చిన అధికారిక లెక్కకు దగ్గరగానే ఉంది.

ఒప్పందంపై సంతకం ఎందుకు పెట్టలేదు?

2021 నవంబర్‌లో గ్లాస్గో సదస్సులో గ్లోబల్ మీథేన్ ప్లెడ్జ్ మొదలైంది. 2030 నాటికి మీథేన్‌ను 2020 స్థాయి కంటే 30 శాతం తగ్గించాలన్నది దాని లక్ష్యం. 150కి పైగా దేశాలు చేరాయి. భారత్, చైనా రెండూ చేరలేదు.

భారత్ చెప్పిన కారణం సూటిగా ఉంది. దేశంలో మీథేన్ వచ్చేది ప్రధానంగా పశువులు, వరి నుంచే. ఇవి రెండూ చిన్న, సన్నకారు రైతుల బతుకుతెరువు. దేశంలో కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్లలోపువే. సగటు కమతం 1.08 హెక్టార్లు. అలాంటి రైతు మీద అంతర్జాతీయ లక్ష్యం రుద్దితే ఆహార భద్రతకు, వ్యవసాయ వాణిజ్యానికి దెబ్బ అన్నది కేంద్రం వాదన.

చైనా ఒప్పందంలో చేరకపోయినా 2023 నవంబర్‌లో సొంత మీథేన్ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అందులో బొగ్గు గనులతో పాటు వరి, పశువులు, ఎరువు నిల్వలు కూడా ఉన్నాయి.

గురజాల మడిలో ఏం మారొచ్చు?

భారత్ జాతీయ లెక్కల్లో వాడే విలువలే దీనికి జవాబు చెబుతాయి. ఒక సీజన్‌లో హెక్టారు వరి నుంచి వచ్చే మీథేన్ ఇలా ఉంటుంది.

* పంట కాలమంతా నీళ్లు నిలిస్తే: 162 కిలోలు (ఎకరాకు సుమారు 65 కిలోలు)
* మధ్యలో ఒకసారి ఆరబెడితే: 66 కిలోలు (ఎకరాకు సుమారు 27 కిలోలు)
* పలుమార్లు ఆరబెడితే: 18 కిలోలు (ఎకరాకు సుమారు 7 కిలోలు)

మట్టికి గాలి తగిలితే మీథేన్ తయారు చేసే సూక్ష్మజీవుల పని ఆగిపోతుంది. అంతే సూత్రం. 'ఆరుతడి' అన్న మాట పల్నాడు రైతుకు కొత్త కాదు. కాలువకు నీళ్లు తక్కువ వచ్చిన ఏడాది ఆరుతడి పంటలే వేసుకోవాలని చెప్పడం ఆయకట్టులో మామూలే. అదే పద్ధతిని వరికి కూడా వర్తింపజేయడమే ఇది.

పద్ధతి ఇలా ఉంటుంది. నాట్లు వేశాక రెండు వారాల పాటు పలుచగా నీళ్లు ఉంచాలి, లేదంటే కలుపు పెరుగుతుంది. తర్వాత మడిలో చిల్లులున్న గొట్టం ఒకటి పాతాలి. గొట్టంలో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టాలి. పూత దశలో మాత్రం మడి ఆరకూడదు, ఆరితే తాలు గింజలు వస్తాయి. ఈ పద్ధతితో నీళ్లు 30 శాతం దాకా ఆదా అవుతాయి, దిగుబడి తగ్గదు అని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి ప్రచారం చేసిన 'శ్రీ' వరి సాగులో కూడా మడి ఆరబెట్టడం ఒక ముఖ్యమైన అంశమే.

ఇబ్బంది ఎక్కడంటే..

బోరు కింద రైతుకు మోటారు తన చేతిలో ఉంటుంది. కాలువ కింద రైతుకు అలా కాదు. సాగర్ కుడి కాలువ ఆయకట్టు 11 లక్షల ఎకరాలకు పైనే. నీళ్లు మెయిన్ నుంచి మేజర్‌కు, మేజర్ నుంచి మైనర్‌కు వంతుల వారీగా వస్తాయి. ఈరోజు మడి ఆరబెడితే, అవసరమైన రోజు నీళ్లు వస్తాయన్న నమ్మకం చివరి ఆయకట్టు రైతుకు ఉండాలి. ఆ నమ్మకం లేకపోతే వచ్చినప్పుడే మడి నిండా పెట్టుకుంటాడు. అది రైతు తప్పు కాదు, జాగ్రత్త.

పైగా కాలువ నీటి తీరువా ఎకరం లెక్కన ఉంటుంది, వాడిన నీళ్ల లెక్కన కాదు. నీళ్లు ఆదా చేసిన రైతుకు జేబులో మిగిలేది ఏమీ లేదు. నల్లరేగడి మరీ ఆరితే నెర్రెలిస్తుంది. అప్పుడు పెట్టిన నీళ్లు నెర్రెల్లోకే పోతాయి. కాబట్టి ఇక్కడ గొట్టం చూసుకుంటూ చేయాల్సిందే తప్ప గుడ్డిగా ఆరబెట్టకూడదు. మడి ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది కాబట్టి యూరియా మోతాదు కూడా చూసుకోవాలి.

పశువుల విషయంలో బెంగళూరులోని జాతీయ పశు పోషణ పరిశోధన సంస్థ 'హరిత ధార' అనే దాణా మిశ్రమం తయారు చేసింది. దీంతో పశువుల మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని ప్రభుత్వం చెబుతోంది.

కార్బన్ క్రెడిట్లు అంటూ వస్తే?

మడి ఆరబెడితే డబ్బులిస్తామంటూ కార్బన్ క్రెడిట్ ప్రాజెక్టులు దేశంలో వరి రైతుల దగ్గరకు వస్తున్నాయి. సంతకం పెట్టే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి.

ఒక క్రెడిట్ అంటే టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. నిత్యం నీళ్లు నిలిచే ఎకరం మడిని ఒకసారి ఆరబెడితే తగ్గే మీథేన్ సుమారు 38 కిలోలు. దాన్ని 28తో గుణిస్తే టన్నుకు కాస్త పైన. అంటే ఎకరాకు సీజన్‌కు వచ్చేది దాదాపు ఒక్క క్రెడిట్. అందులోంచే సర్వే ఖర్చు, తనిఖీ ఖర్చు, కంపెనీ వాటా పోవాలి. వంతుల వల్ల ఇప్పటికే పలుమార్లు ఆరుతున్న మడి అయితే అమ్ముకోవడానికి మిగిలేది ఇంకా తక్కువ.

చైనా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. క్రెడిట్లను నమోదు చేసే వెర్రా సంస్థ 2024 ఆగస్టులో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను నాణ్యత సమీక్ష తర్వాత తిరస్కరించింది. కాబట్టి ఒప్పందం ఎన్నేళ్లు, డబ్బు ఎప్పుడు ఇస్తారు, ప్రాజెక్టు రద్దయితే నష్టం ఎవరిది, కౌలు రైతుకు వాటా ఎంత అన్నవి కాగితం మీద రాయించుకోవడం మంచిది.

చివరగా..

సాగు మీథేన్‌లో చైనాది ఎక్కువ, భారత్‌ది తక్కువ. అయినా చైనాకు తగ్గించడానికి బొగ్గు గనులు, పందుల ఫారాల రూపంలో పెద్ద పెద్ద చోట్లున్నాయి. అక్కడ కంపెనీలను అడిగితే సరిపోతుంది. భారత్‌లో ఆ గ్యాస్ కోట్ల ఇళ్ల గేదెల్లో, కోట్ల చిన్న మడుల్లో ఉంది. ఇక్కడ ఆదేశాలతో తగ్గదు. గురజాల రైతుకు చెప్పిన రోజున కాలువకు నీళ్లొస్తే, గేదెకు మంచి మేత దొరికితే తగ్గుతుంది. రైతుకు లాభమైనప్పుడే అది జరుగుతుంది.